‘డిస్క్ మొత్తం చెరిపెయ్యాలా?’ అని అడిగినప్పుడు

(వర్చువల్ మెషిన్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాల్ చేసుకోవడం మీద, బెంగళూరు మారతహళ్ళిలో ఒక ఆదివారం పొద్దున తెలుగు విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడినదాన్ని ఎత్తి రాసి, కొద్దిగా సరిచేసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లు మాత్రం ఇప్పుడే తెరవకండి. తెరిస్తే నా మాట ఎవరూ వినరు. (నవ్వులు)

మీలో ఎక్కువమంది డెవాప్స్ అనో క్లౌడ్ అనో కోర్సుల్లో చేరి ఇక్కడి పీజీల్లో ఉంటున్నవాళ్ళు. ఏడబ్ల్యూఎస్‌లో, అంటే అమెజాన్ క్లౌడ్‌లో, ఇన్‌స్టన్స్ (అద్దె సర్వర్) లేపడం మీకు చిటికెలో పని. లాంచ్ నొక్కుతారు, కాసేపట్లో ఉబుంటు లైనక్స్ సర్వర్ చేతికొస్తుంది, ఎస్‌ఎస్‌హెచ్ కొట్టి దూరం నుంచే లోపలికి వెళ్తారు. బానే ఉంది. కానీ ఇంటర్వ్యూలో ‘ఆ సర్వర్‌లో రూట్‌కి (సర్వాధికారాలున్న ఖాతాకి) పాస్‌వర్డ్ ఉందా? బూట్‌లోడర్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) ఏ డిస్క్ మీద ఉంది? ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో జోడించాల్సిన డిస్కుల జాబితాలో) ఏం రాసుంది?’ అని అడిగితే నీళ్ళు నములుతారు. మీ తెలివికి తక్కువై కాదు. ఆ ప్రశ్నలు మీదాకా రాలేదు, అంతే. ఎవరో ముందే వాటికి జవాబులిచ్చేసి, తయారైన ఇమేజ్‌ని మీ ముందు పెట్టారు.

నేను చెప్పొచ్చింది ఇదే. ఆ ప్రశ్నలు మిమ్మల్ని అడిగేలా చేసుకోండి. ఖాళీ మెషిన్ ఒకటి పెట్టుకుని, ఓఎస్‌ని (ఆపరేటింగ్ సిస్టమ్‌ని) మొదటినుంచి మీ చేత్తో ఎక్కించండి. ఉన్న ల్యాప్‌టాప్ మీద చేయడానికి ఎవరికైనా భయమే కాబట్టి, వర్చువల్ మెషిన్‌లో (వీఎంలో) చేయండి.

వీఎం అంటే ఏమిటో మీకు తెలుసు కాబట్టి పాఠంలా చెప్పను. బెంగళూరు ఇంటి ఓనర్లు మేడ మీద పోర్షన్ వేసి అద్దెకిస్తారు చూడండి, అలాంటిది. పైవాళ్ళకి తలుపు వేరు, వంటిల్లు వేరు, కరెంటు మీటరు వేరు. నీళ్ళ ట్యాంకు మాత్రం ఇద్దరికీ ఒకటే. మీ విండోస్ హోస్ట్, లోపల నడిచే లైనక్స్ గెస్ట్. ర్యామ్, ప్రాసెసర్, డిస్క్ మాత్రం ఉమ్మడి.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. ఐబీఎమ్ తన మెయిన్‌ఫ్రేమ్‌ల కోసం వీఎం/370ని ప్రకటించింది 1972లో. మన ఇళ్ళలో ఉండే ఇంటెల్ రకం ప్రాసెసర్ల మీదకి ఇది రావడానికి ఎందుకంత ఆలస్యమైందన్నది నాకు చాలా ఇష్టమైన సంగతి, రెండు నిమిషాలు చెప్తాను. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అని ఇద్దరు ఒక పేపర్ రాశారు. మెషిన్ స్థితిని తాకే ఏ ఇన్‌స్ట్రక్షన్‌నైనా అధికారం లేని ప్రోగ్రామ్ వాడబోతే, ప్రాసెసర్ అక్కడే ఆపి, వర్చువల్ మెషిన్‌ని నడిపే ప్రోగ్రామ్‌కి చెప్పాలి. అలా చెప్తేనే వర్చువల్ మెషిన్ సాఫీగా నడుస్తుందని దాని సారాంశం. ఇంటెల్ ప్రాసెసర్లలో కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు అలా చెప్పేవి కావు. ఉదాహరణకి పాప్‌ఎఫ్ అని ఒకటుంది. అధికారం లేనివాడు దాంతో ఇంటరప్ట్‌లు (ప్రాసెసర్‌ని పిలిచే సంకేతాలు) ఆపాలని చూస్తే, అది ఆపదు, ఎర్రర్ ఇవ్వదు, ఏమీ జరగనట్టు ముందుకు పోతుంది. గెస్ట్ ఓఎస్ ఏమో ఇంటరప్ట్‌లు ఆగాయనే అనుకుంటుంది. ఇక దాన్ని నమ్ముకుని ఏం నడపగలం? వీఎంవేర్ వాళ్ళు 1999లో తెచ్చిన వర్క్‌స్టేషన్, గెస్ట్ కోడ్‌ని నడుస్తుండగానే చదివి, ఇలాంటి చోట్ల తిరగరాసుకుంటూ పోయేది. సాహసమే అది. ఆ తర్వాత 2005లో ఇంటెల్ వీటీ-ఎక్స్, 2006లో ఏఎమ్‌డీ-వీ వచ్చాయి. ప్రాసెసరే సాయం చేయడం మొదలుపెట్టింది. 2007 మొదట్లో వీఎంలు నడిపే కేవీఎం అనే భాగం లైనక్స్ కెర్నెల్‌లో (ఓఎస్ గుండెకాయలో) చేరింది. మీరు లేపే ఏడబ్ల్యూఎస్ ఇన్‌స్టన్స్‌లు ఇవాళ చాలావరకు ఆ కేవీఎం వంశానివే.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఇంతా చేసి ఆ వీటీ-ఎక్స్ చాలా ల్యాప్‌టాప్‌లలో బయోస్‌లో (ఓఎస్ కంటే ముందు నడిచే సెట్టింగ్స్‌లో) ఆఫ్ చేసే వస్తుంది. వీఎంలు నడిపే వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ వేసుకుని స్టార్ట్ నొక్కగానే పెద్ద అక్షరాలతో బారెడు ఎర్రర్ వస్తుంది. దాన్ని చూసి వర్చువల్‌బాక్స్‌ని తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినవాళ్ళు ఇక్కడ ఉండే ఉంటారు. దాంతో ఏం ఉపయోగం లేదు. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ దగ్గర చూడండి. ‘వర్చువలైజేషన్: డిసేబుల్డ్’ అని ఉంటే బయోస్‌లోకి వెళ్ళాల్సిందే. డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10. ఇంటెల్ మెషిన్లలో వర్చువలైజేషన్ టెక్నాలజీ అని ఉంటుంది. ఏఎమ్‌డీ మెషిన్లలో చాలాచోట్ల ఎస్‌వీఎం మోడ్ అని ఉంటుంది, ఆ పేరు తెలియక వెతికి వెతికి వదిలేస్తారు.

ఎనేబుల్ అయ్యే ఉంది, అయినా వీఎం నత్తనడక నడుస్తోందా? వీఎం కిటికీ అడుగున కుడివైపు ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనబడుతోందేమో చూడండి. నిజంగానే తాబేలు బొమ్మ పెట్టారు. (నవ్వులు) విండోస్‌లోనే ఉన్న హైపర్-వీ అనే వీఎం ప్రోగ్రామ్ ముందే ప్రాసెసర్ మీద కూర్చుందని, తను దాని చేతికింద నడవాల్సి వస్తోందని వర్చువల్‌బాక్స్ అలా చెప్తోందన్నమాట. మెమరీ ఇంటెగ్రిటీ అనే సెక్యూరిటీ సెట్టింగ్ వల్లా ఇది వస్తుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం దాన్ని ముట్టుకోకండి. కాస్త నెమ్మదైనా అలాగే పని కానివ్వండి.

ర్యామ్ సంగతి. 8 జీబీ ఉంటే గెస్ట్‌కి 2 జీబీ ఇచ్చి, లోపల తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వేసుకోండి. 16 ఉంటే 4 ఇవ్వండి, హాయిగా ఉంటుంది. స్లైడర్‌ని ఎర్ర రంగులోకి లాగితే గెస్ట్‌తో పాటు హోస్ట్ కూడా ఉక్కిరిబిక్కిరవుతుంది. ర్యామ్ పెంచుకోవాలంటే కంప్యూటర్ విడిభాగాలు అమ్మే ఎస్.పి. రోడ్డు ఉండనే ఉంది. వెళ్ళేముందు మీ ల్యాప్‌టాప్‌లో ఖాళీ స్లాట్ ఉందో, ర్యామ్ బోర్డుకే అతికించేశారో చూసుకుని వెళ్ళండి. డిస్క్ 25 జీబీ ఇవ్వండి. అది డైనమిక్ రకం కాబట్టి అంతా ఇప్పుడే తినేయదు, వాడేకొద్దీ పెరుగుతుంది. లోపల ఫైళ్ళు తీసేసినా బయట ఫైలు దానంతటది చిన్నదవదు, అది గుర్తుంచుకోండి.

ఏ ఓఎస్? ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) దాదాపు 6 జీబీ. పీజీ వైఫైలో అది దిగేసరికి తెల్లారుతుంది. డెబియన్ అనే ఇంకో లైనక్స్‌కి నెట్‌ఇన్‌స్ట్ ఐఎస్‌ఓ ఒక జీబీ కూడా ఉండదు, మిగతావి కావలసినంత వరకే నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ఇప్పుడు నడుస్తున్నది డెబియన్ 13, 2025 ఆగస్టులో వచ్చింది. నా ఓటు డెబియన్‌కే. సైజు ఒక కారణమైతే, ప్రశ్నలు ఎక్కువ అడుగుతుందన్నది అసలు కారణం. ఉబుంటు ఇన్‌స్టాలర్ మర్యాద ఎక్కువై చాలా విషయాలు మిమ్మల్ని అడక్కుండానే చేసేస్తుంది.

దిగిన ఐఎస్‌ఓకి చెక్‌సమ్ (ఫైలు సరిగ్గా దిగిందో చెప్పే సంఖ్య) సరిచూడండి. విండోస్‌లో సెర్ట్‌యుటిల్ కమాండ్‌తో షా-256 విలువ వస్తుంది, సైట్‌లో ఇచ్చినదానితో పోల్చండి. మధ్యలో తెగి అతుక్కున్న డౌన్‌లోడ్‌తో ఇన్‌స్టాల్ మొదలుపెట్టి, సగంలో ఆగిపోతే కారణం తెలియక జుట్టు పీక్కోవడం ఎందుకు?

కొత్త వీఎం తయారు చేసేటప్పుడు ‘అనటెండెడ్’ అనే మాట పక్కన ఒక టిక్ గడి ఉంటుంది. వెర్షన్‌ని బట్టి టిక్ పెట్టాలా తియ్యాలా అన్నది మారుతుంది కాబట్టి, అక్కడ రాసింది చదివి, మీ ప్రమేయం లేకుండా జరిగే ఇన్‌స్టాల్ వద్దని చెప్పండి. వద్దనకపోతే వర్చువల్‌బాక్సే అన్ని ప్రశ్నలకూ జవాబులిచ్చేస్తుంది. చివరికి వీబాక్స్‌యూజర్ అనే పేరుతో, ‘చేంజ్‌మీ’ అనే పాస్‌వర్డ్‌తో ఒక మెషిన్ మీ చేతికొస్తుంది. ఇక క్లౌడ్ ఇన్‌స్టన్స్‌కీ దానికీ తేడా ఏముంది?

సరే, స్టార్ట్ నొక్కారు. నల్ల తెర మీద మెనూ వచ్చింది. గ్రాఫికల్ ఇన్‌స్టాల్ ఎంచుకుంటే భాషల జాబితాలో తెలుగు కూడా ఉంటుంది. ఎవరో తెలుగువాళ్ళు తీరిక చేసుకుని ఒక్కో వాక్యం తెలుగు చేసి పెట్టారు. ఒక్కసారైనా తెలుగులో ఇన్‌స్టాల్ చేసి చూడండి, వాళ్ళ కష్టం కనబడుతుంది. మామూలు టెక్స్ట్ ఇన్‌స్టాల్‌లో తెలుగు రాదు. ఒత్తులూ గుణింతాలూ కలిపి చూపించడం ఆ తెర వల్ల కాదు. కీబోర్డ్ మాత్రం అమెరికన్ ఇంగ్లిషే పెట్టుకోండి, యూజర్ పేరు ఇంగ్లిషు చిన్న అక్షరాల్లోనే కావాలి మరి.

తర్వాత రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇక్కడ ఆగండి. తెర మీద ఉన్న పేరా మొత్తం చదవండి. ఖాళీగా వదిలేస్తే రూట్ ఖాతాకి తాళం పడుతుంది, మీరు తయారు చేసే మొదటి యూజర్‌కి సుడో (రూట్ పనులు చేసే అధికారం) వస్తుంది. పాస్‌వర్డ్ ఇస్తే రూట్ తెరుచుకుని ఉంటుంది, కానీ ఆ యూజర్‌కి సుడో రాదు. ఆ పేరా చదవకుండా ఏదో ఒకటి కొట్టి ముందుకెళ్ళినవాళ్ళే తర్వాత ‘సుడో పనిచేయట్లేదన్నా, సుడోయర్స్ ఫైల్‌లో పేరు లేదంటోంది’ అని మెసేజ్ పెడతారు. ఇప్పటికి ఖాళీగా వదలండి. దాని ఫలితం ఇంకాసేపట్లో చూద్దాం.

ఇప్పుడు డిస్క్. ‘డిస్క్ మొత్తం వాడుకోనా? దాని మీద ఉన్నదంతా చెరిగిపోతుంది’ అంటుంది. ఈ తెర దగ్గరే చాలామందికి టెన్షన్. మౌస్ అక్కడే ఆగిపోతుంది. తమ్ముడూ, అది చెప్తున్న డిస్క్ సైజు చూడు. 25 జీబీ ఉందా? మీ ల్యాప్‌టాప్ డిస్క్ 512. అంటే గెస్ట్‌కి కనబడుతున్నది ఆ ఒక్క ఫైలే, మీ సి డ్రైవ్ దాని కంటికి ఆనదు. చెరపమనండి నిశ్చింతగా. సైజు చూసి డిస్క్‌ని గుర్తుపట్టే ఈ అలవాటు మాత్రం వదలకండి. రేపు నిజం సర్వర్‌లో నాలుగు డిస్కులు వరుసగా కనబడినప్పుడు ఉద్యోగాన్ని నిలబెట్టేది అదే. ఆఖరున ‘మార్పులు డిస్క్ మీద రాసెయ్యనా?’ అని ఇంకోసారి అడుగుతుంది. ముందే ‘నో’ ఎంచి ఉంచుతుంది, గమనించండి. ఎంటర్ కొట్టుకుంటూ పోయేవాళ్ళు అక్కడ ఆగిపోతారు. రాసినవాడెవడో మనుషుల్ని బాగా ఎరిగినవాడు.

మొదటిసారి గైడెడ్ పార్టిషన్ చాలు. రెండోసారి మాన్యువల్ తీసుకుని హోమ్‌ని (యూజర్ ఫైళ్ళు), వార్‌ని (లాగ్‌లు వగైరా), స్వాప్‌ని (ర్యామ్ చాలనప్పటి చోటు) విడదీయండి. సర్వర్లలో వార్‌ని ఎందుకు విడిగా పెడతారో, లాగ్‌లు నిండి అక్కడే ఆగిపోతే రూట్ పార్టిషన్ ఎలా బతికిపోతుందో అప్పుడు తెలుస్తుంది.

మిర్రర్‌ని (ప్యాకేజీలు తెచ్చుకునే సర్వర్‌ని) ఇండియా అని ఎంచుకోండి. సాఫ్ట్‌వేర్ జాబితాలో గ్నోమ్ డెస్క్‌టాప్ టిక్ తీసేసి ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ పెట్టండి. తర్వాత కాసేపు దాని పని అది చేసుకుంటుంది, ఈలోపు టిఫిన్ చేసి రావచ్చు. చివర్లో గ్రబ్ బూట్‌లోడర్ ఏ డిస్క్ మీద పెట్టాలో అడుగుతుంది. వీఎంలో ఈఎఫ్‌ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) ఆన్ చేయకపోతేనే ఈ ప్రశ్న వస్తుంది. మొదటి వరుసలో ‘చేత్తో రాయండి’ అని ఉంటుంది, దాన్ని కాదు, కింద ఉన్న ఎస్‌డీఏ డిస్క్‌ని ఎంచుకోండి. అయ్యాక మెషిన్ రీబూట్ అవుతుంది. మళ్ళీ ఇన్‌స్టాలరే తెరుచుకుంటే కంగారు పడకండి, ఐఎస్‌ఓ ఇంకా సీడీ డ్రైవ్‌లోనే ఉందన్నమాట. డివైసెస్ మెనూలో తీసేయండి.

వర్చువల్‌బాక్స్ ఇచ్చే గెస్ట్ అడిషన్స్ వేసుకుంటే తెర కిటికీ సైజుకి సరిపోతుంది, కాపీ పేస్ట్ అటూ ఇటూ నడుస్తుంది. దానికి ముందు బిల్డ్ ఎసెన్షియల్ (కంపైల్ చేసే సరంజామా), మీ కెర్నెల్‌కి సరిపోయే హెడర్లు ఉండాలి. మౌస్ లోపల ఇరుక్కుంటే కుడి కంట్రోల్ నొక్కండి. కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్నింట్లో కుడి కంట్రోల్ తీసేసి కోపైలట్ కీ పెట్టారు. సెట్టింగ్స్‌లో హోస్ట్ కీని వేరే కీకి మార్చుకోండి.

నెట్‌వర్క్‌ని నాట్‌లోనే (హోస్ట్ చాటునుంచే నెట్ వాడుకునే పద్ధతిలో) ఉంచండి. బ్రిడ్జ్‌డ్ పెడితే వీఎం రౌటర్‌కి వేరే డివైస్‌లా కనబడుతుంది. గదికి ఇన్ని డివైసులే అని లెక్కపెట్టే పీజీ వైఫైలో అది గొడవ. నాట్‌లో హోస్ట్ 2222 పోర్ట్‌ని గెస్ట్ 22కి ఫార్వర్డ్ చేస్తే, విండోస్ టెర్మినల్ నుంచే ఎస్‌ఎస్‌హెచ్ కొట్టొచ్చు.

ఇక్కడిదాకా వచ్చాక, కావాలంటే ఈ స్థితికే వెనక్కి రావడానికి స్నాప్‌షాట్ తీసి పెట్టుకోండి. దాన్ని బ్యాకప్ అనుకోకండి. అసలు డిస్క్ ఫైలు పోతే స్నాప్‌షాట్ కూడా గోవిందా.

ఇప్పుడు మెషిన్‌ని పాడు చేద్దాం. అసలు చదువు ఇక్కడుంది. వీఎం ఆపి, స్టోరేజ్‌లో రెండో డిస్క్ ఒకటి చేర్చండి, 5 జీబీ చాలు. ఆన్ చేసి, డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొడితే ఎస్‌డీబీ అని కనబడుతుంది. దాని మీద ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్ వేసి, బీఎల్‌కేఐడీతో దాని యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) తీసుకుని, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఒక వరుస రాయండి. రీబూట్ చేస్తే చక్కగా మౌంట్ అవుతుంది. ఇప్పుడు మళ్ళీ ఆపి, ఆ రెండో డిస్క్‌ని పీకేయండి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో వరుస అలాగే ఉండనివ్వండి. ఆన్ చేయండి.

ఏమవుతుంది? బూట్ సగంలో ఆగి ఆ డిస్క్ కోసం నిమిషంన్నర ఎదురుచూస్తుంది. రాదు. ఎమర్జెన్సీ మోడ్‌లోకి పడిపోతుంది. అక్కడ రూట్ పాస్‌వర్డ్ అడగాలి. కానీ మనం రూట్‌కి తాళం వేశాం కదా! ‘రూట్ ఖాతాకి తాళం ఉంది, కన్సోల్ ఇవ్వలేను’ అంటుంది. ఇన్‌స్టాల్‌లో ఖాళీగా వదిలేసిన ఆ ఒక్క గడి ఇప్పుడు అడ్డం తిరిగింది. అలాగని ఖాళీగా వదలడం తప్పేం కాదు. చాలామంది అలాగే చేస్తారు, చేయాలి కూడా. కాకపోతే దారి తెలిసుండాలి.

దారి ఇది. రీసెట్ చేసి, గ్రబ్ మెనూ దగ్గర ‘ఈ’ నొక్కండి. లైనక్స్ అని మొదలయ్యే వరుసలో ‘ఆర్‌ఓ’ని (చదవడం వరకే) ‘ఆర్‌డబ్ల్యూ’గా (చదవడం, రాయడం) మార్చి, చివర ఇనిట్ ఈక్వల్స్ స్లాష్ బిన్ స్లాష్ బాష్ అని చేర్చి, కంట్రోల్ ఎక్స్ కొట్టండి. ఏ పాస్‌వర్డూ అడక్కుండా రూట్ ప్రాంప్ట్ వస్తుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ తెరిచి ఆ వరుసలో ఆప్షన్లకి నోఫెయిల్ చేర్చండి. సింక్ కొట్టి రీసెట్ చేయండి. డిస్క్ లేకపోయినా బూట్ అవుతుంది. ఏడబ్ల్యూఎస్ వాళ్ళ సర్వర్ సేవ ఈసీ2లో వాల్యూమ్ (డిస్క్) తీసేసి రీబూట్ చేస్తే ఇన్‌స్టన్స్ లేవకపోవడం ఇదే జబ్బు, నోఫెయిల్ పెట్టమని వాళ్ళ డాక్యుమెంటేషన్ కూడా చెప్తుంది. మెషిన్ ముందు కూర్చున్నవాడు పాస్‌వర్డ్ లేకుండా రూట్ కాగలడని కూడా ఈ పనిలోనే చూశారు. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఎందుకో నేను వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: ‘అన్నా, విండోస్‌లోనే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ ఉంది కదా, ఇంత తంటా ఎందుకు?’)

రోజువారీ పనికి డబ్ల్యూఎస్‌ఎల్ బంగారంలా ఉంటుంది, నేనూ వాడతాను. డబ్ల్యూఎస్‌ఎల్2 కూడా లోపల చిన్న వీఎమ్మే. కానీ అందులో గ్రబ్ లేదు, ఇన్‌స్టాలర్ లేదు, కెర్నెల్ కూడా మైక్రోసాఫ్ట్ ఇచ్చేదే. నేను ఇందాక చెప్పిన పాడు చేసే పని అందులో కుదరదు.

(ఒక అమ్మాయి: ‘నాది ఎం1 మ్యాక్ సార్. డెబియన్ బూట్ అవ్వట్లేదు.’)

నువ్వు దించుకున్న ఐఎస్‌ఓ పేరులో ఏఎమ్‌డీ64 (ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లది) అని ఉందేమో చూడమ్మా. నీ ప్రాసెసర్ ఆర్మ్ రకం, దానికి ఏఆర్‌ఎమ్64 ఐఎస్‌ఓ కావాలి. మ్యాక్‌లో వీఎంలు నడిపే యూటీఎం వాడుకో, ఉచితం. వర్చువల్‌బాక్స్ అయితే 7.1 నుంచి ఆర్మ్ మ్యాక్‌ల మీద ఆర్మ్ గెస్ట్‌లని నడుపుతుంది.

(‘క్యూబర్నెటిస్ (చాలా మెషిన్ల మీద కంటెయినర్లు నడిపేది) కోసం మూడు వీఎంలు కావాలి. మూడుసార్లూ ఇన్‌స్టాల్ చేయాలా?’)

అక్కర్లేదు, ఒకటి చేసి క్లోన్ తీసుకో. క్లోన్ చేసేటప్పుడు మ్యాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్యలు) కొత్తవి ఇమ్మని చెప్పు. లోపలికెళ్ళి హోస్ట్‌నేమ్ మార్చు, మెషిన్-ఐడీ ఫైలు ఖాళీ చేసి రీబూట్ చెయ్యి. మెషిన్-ఐడీ మూడింటికీ ఒకటే ఉంటే, మ్యాక్ అడ్రస్‌లు వేరైనా ఒక్కోసారి ఒకే ఐపీ వచ్చి కూర్చుంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు కూడా కొత్తవి పుట్టించుకో. ఈ మూడు వీఎంలకీ కలిపి మీ దగ్గర కనీసం 16 జీబీ ఉండాలి, 8 జీబీతో ప్రయత్నించకండి.

ఇక ల్యాప్‌టాప్‌లు తెరవొచ్చు. డెబియన్ ఐఎస్‌ఓ పెన్‌డ్రైవ్‌లలో ఉంది, అందరూ ఒకేసారి వైఫై మీద పడకండి. టాస్క్ మేనేజర్‌లో డిసేబుల్డ్ అని ఉన్నవాళ్ళు ఈ ఎడమ వరుసలోకి రండి, ముందు మీ బయోస్ సంగతి చూద్దాం.